మోట నుంచి మోటారు దాకా
(రాజపాళయములో ఉగాది సభలో చేసిన ప్రసంగము)

 

పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే బావుల మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. విజయనగర కాలమున మన పెద్దలు ఇక్కడకు వచ్చినారని చెప్పుకొందుము. వచ్చినవారు నిలిచినది సేద్యము వలన, సేద్యము నిలిచినది బావి వలన. అందుచేత ఈ మాట.

పిల్లలు మోటను చూడలేదు. బావి ఒడ్డున గిలక, గిలక మీద లావుపాటి మోకు, మోకు కొసన ఇనుప బాన, దాని అడుగున తోలు తొండము. ఎడ్లు వాలు బాటను దిగుచుండగా బాన పైకి వచ్చును. తొండమునకు వేరొక సన్నని తాడు కలదు. అది తొండము మూతిని బాన అంచుదాకా ఎత్తి పట్టి ఉంచును గనుక దారిలో నీరు ఒలకదు. ఒడ్డు చేరగానే ఆ తాడే మూతిని ముందుకు లాగును, నీరంతా తొట్టిలో పడును. బాన వంచుటకు మనిషి అక్కరలేదు. వాలున దిగుట చేత ఎడ్ల బరువు కూడ లాగుడుకు తోడగును. ఇంత ఉపాయము పన్నిన వాని పేరు ఎవరికీ తెలియదు. పేటెంటు లేదు, విగ్రహము లేదు. మా దృష్టిలో ఆయన జి.డి. నాయుడుగారికి ఏమాత్రము తీసిపోడు.

నాయుడుగారు 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు రైతు కుటుంబమున జన్మించినారు. బస్సులు, రేజరు, పత్తి, బొప్పాయి, దేనిని వదిలినారు గనుక! 1932లో పైకారా విద్యుత్తు వచ్చినది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారు, వీరు కలిసి ఎలక్ట్రిక్ మోటారు తయారు చేసినారు. దేశములో తయారైన మొదటి మోటారు అదేనని చెప్పుదురు. 1944లో పాపనాశము విద్యుత్తు మన వైపు కూడ వెలుగు తెచ్చినది.

పంపు నీటిని పీల్చునని అందుము గాని, నిజమునకు బయటి గాలి ఒత్తిడియే నీటిని పైకి తోయును. అది 33 అడుగులకు మించి ఎత్తలేదు. ఆచరణలో 20, 25 అడుగులే. అందువలన నీరు దిగిన కొద్దీ మోటారును బావిలోనే మెట్టు కట్టి దింపవలసి వచ్చినది. మోట అయితే ఎడ్లు అలసిన చోట ఆగెడిది, ఆ విశ్రాంతిలో బావి ఊరెడిది. మోటారుకు అలుపు లేదు. బావులు ఎండినవి, బోర్లు దిగినవి.

1972లో కరెంటు రేటు మీద సి. నారాయణస్వామి నాయుడుగారి నాయకత్వమున రైతులు ఎద్దుబండ్లతో కోయంబత్తూరు వీధులు నింపినారు. మోట మానిన ఎడ్లు మోటారు కొరకు వచ్చినవి, చూడండి!

మోటతో పాటు దాని భాగముల తెలుగు పేర్లు కూడ మన ఇండ్లలో జారిపోవుచున్నవి. తొండము కుట్టిన చేతులు, మోట తోలిన చేతులు ఈ సభలో ఉన్నచో, భోజనములకు లేచుటకు ముందు మమ్ము కలియ ప్రార్థన. కాగితము, కలము తెచ్చినాము.