గడ్డిపరక మొదలు పాలచుక్క వఱకు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పాండవులు మారువేషములతో విరాటుని కొలువున చేరినప్పుడు నకులుడు దామగ్రంథి యను పేర గుఱ్ఱములను, సహదేవుడు తంత్రీపాలుడను పేర గోవులను చూచు పనికి కుదిరిరి. రాజకుమారులయ్యును వారు ఆ పనిని చిన్నతనముగా తలపలేదు. శాలిహోత్రుడు అశ్వములను గూర్చియు, పాలకాప్యుడు గజములను గూర్చియు శాస్త్రములు చెప్పిరని మన సంప్రదాయము. తెనుగున మనుమంచి భట్టు గుఱ్ఱముల లక్షణములను గ్రంథముగా రచించెను. కాబట్టి పశువైద్యము ఈ దేశమున నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. అయితే పూర్వులు చూచినది కంటికి కనబడునంత వఱకే. కంటికి కనబడని లోకమును చూపిన శాస్త్రమే నేటి ప్రసంగ విషయము.

పశువైద్య కళాశాలలో చేరగోరు విద్యార్థి ముందుగా ఇంటర్మీడియెటులో వృక్షశాస్త్రమును, జంతుశాస్త్రమును, భౌతిక రసాయన శాస్త్రములతో పాటు రెండేండ్లు చదువవలెను. తరువాతి పట్టపు చదువు, ఆసుపత్రి శిక్షణతో కలిపి, అయిదున్నర యేండ్లు. హైదరాబాదున ఈ విద్యకు కళాశాల 1946లోను, తిరుపతిలో 1955లోను ఏర్పడినవి. ఆ దారి పట్టిన పిల్లలను తల్లిదండ్రులు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "పసరములకు మందిచ్చువానికి చెట్టు చేమల చదువెందుకు? ఆకు ఈనెలను లెక్కించిన ఆవు లేచి నిలుచునా?" ప్రశ్న న్యాయమైనదే. సమాధానము చెప్పుటకు గడ్డిపరక వద్దనుండి బయలుదేరవలెను.

1665లో ఇంగ్లండున రాబర్టు హుక్ అను పండితుడు బిరడా చెక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినితో చూచి, తేనెపట్టు గదుల వంటి అఱలు కనబడగా వానికి గదులు అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అవియే మనము కణములనునవి. తరువాత 1838లో ష్లైడెన్ మొక్కలన్నియు కణములతో కట్టబడినవనియు, 1839లో ష్వాన్ జంతువులును అట్టివే యనియు చెప్పిరి. కణము కణమునుండియే పుట్టునని విర్ఖో స్థాపించెను. గడ్డికిని గోవునకును ఇటుక ఒక్కటే యని నాడు తేలినది.

ఇటుకలన్నియు ఒక్క తీరుగా నుండవు. ఒకే పని చేయు కణముల కూటమిని కణజాలమందురు. మొక్కలో పెరుగుదలకు కారణమైనది విభాజ్య కణజాలము; నీటిని పైకి కొనిపోవునది దారువు; ఆకులో వండిన ఆహారమును పంచునది పోషక కణజాలము; కాండమును నిలబెట్టునది దృఢ కణజాలము. జంతువులో నాలుగు తెగలు. పైచర్మమునకును, లోపలి గొట్టములకును పూతవలె నుండునది ఉపకళ. ఎముక, రక్తము, క్రొవ్వు మొదలైనవి సంయోజక కణజాలము. కదలించునది కండరము. తెలుపునది నాడి. మన వైద్యులు రసము, రక్తము, మాంసము, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రము అని సప్తధాతువులను చెప్పిరి. ఈ రెండు లెక్కలను ఒకటిగా అంటగట్టుట పొరపాటు. వారు దేహమున జరుగు పోషణ క్రమమును బట్టి విభజించిరి. వీరు సూక్ష్మదర్శినిలో కనబడిన కట్టడమును బట్టి విభజించిరి.

మొక్క కణమునకును జంతు కణమునకును ఒక ముఖ్యభేదము కలదు. మొక్క కణము చుట్టును సెల్యులోజు అను పదార్థముతో గోడ యుండును. జంతు కణమునకు ఆ గోడ లేదు. ఆ గోడను కరగించు శక్తి మనిషికి లేదు. ఆశ్చర్యమేమనగా ఆవునకును లేదు. మఱి ఆవు గడ్డి తిని పాలెట్లిచ్చుచున్నది? ఆవు కడుపున నాలుగు అఱలు కలవు. మొదటిదైన రూమెన్ పెద్ద ఆవులో నూఱు లీటర్లకు పైగా పట్టు గాబు వంటిది. ఆ గాబులోని ద్రవమున ఒక్క మిల్లీలీటరులో వేయికోట్ల సూక్ష్మజీవులుండును. సెల్యులోజు గోడను పగులగొట్టునది అవియే. అవి విడిచిన ఆమ్లములను రూమెన్ గోడలోని ఉపకళ పీల్చుకొని రక్తమున కందించును. ఆవు బలములో అధికభాగము ఈ ఆమ్లముల వలననే. తుదకు ఆ సూక్ష్మజీవులు కూడ నాలుగవ అఱలోనికి జాఱి, జీర్ణమై, మాంసకృత్తులుగా మాఱును. కావున రైతు గడ్డి వేయునది ఆవునకు మాత్రమే కాదు. ఆవు కడుపులోని కంటికి కనబడని మందకు కూడ.

ఇంతవఱకు గ్రహించిన వానికి పశుపోషణలోని అనేక విషయములు తమంతట తామే తెలియును. గడ్డి ముదిరినకొలది కణముల గోడలలో లిగ్నిన్ అను గట్టి పదార్థము చేరును. దానిని సూక్ష్మజీవులు సైతము ఛేదింపలేవు. పశుగ్రాసపు జొన్నను సగము పూత దశలో కోయుమని చెప్పుట ఇందువలననే. ఎండు వరిగడ్డికి బలము చాలకపోవుటకు కారణము కూడ ఇదియే. నూఱు కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియాను నీటిలో కరగించి చల్లి, గాలి చొరకుండ కప్పి, మూడు వారములు మాగబెట్టినచో, పుట్టిన అమ్మోనియా వాయువు గోడల బిగిని సడలించును; గడ్డి అరుగుదల పెరుగును. అయితే యూరియా నీటిని పశువు నేరుగా త్రాగినచో ప్రాణహాని. ఆఱు నెలలు నిండని దూడలకు ఈ గడ్డి తగదు.

ఇక జొన్న విషము. వానలు వెనుదీసి గిడసబారిన లేత జొన్నను, కోసిన తరువాత మోళ్లనుండి వచ్చిన పిలకలను మేసి పశువులు నిలువున కూలిపోవుట తెలుగు రైతులెఱిగిన విపత్తు. దృష్టి తగిలినదనియు, పాము కాటనియు తలచువారు కలరు. నిజమిది. జొన్న ఆకులో విషమునకు మూలమైన పదార్థము ఒక తెగ కణములలో నుండును; దానిని విషముగా మార్చు కిణ్వము వేఱొక తెగ కణములలో నుండును. ఆకు నిలువుగా నున్నంతకాలము రెండును కలియవు. పశువు నమలగానే కణముల గోడలు పగిలి రెండును కలిసి హైడ్రోసయనిక్ ఆమ్లము పుట్టును. రూమెన్‌లోని సూక్ష్మజీవులు కూడ ఆ పనికి తోడ్పడును. కావుననే గుఱ్ఱము కంటె ఆవునకు అపాయ మెక్కువ. ఆ విషము రక్తమున చేరి, కణములు ప్రాణవాయువును వాడుకొను యంత్రమును ఆపివేయును. రక్తములో ప్రాణవాయువు నిండుగా నుండును; కణము మాత్రము ఊపిరాడక చచ్చును. కావుననే ఆ పశువు రక్తము ఎఱ్ఱగా మెఱయును. బావి నిండ నీరుండియు చేద త్రాడు తెగినట్టిది ఈ స్థితి.

వెంటనే పశువైద్యుడు వచ్చి సోడియం నైట్రైటు, సోడియం థయోసల్ఫేటు నరమునకిచ్చినచో పశువు బ్రదుకగలదు. వ్యవధి నిమిషములలో నుండును గాని గంటలలో కాదు. ఆకు కణము నెఱుగని వైద్యునికి ఈ రోగకారణము తెలియదు; పశుకణము నెఱుగని వానికి మందు తెలియదు. వృక్షశాస్త్ర మెందులకన్న ప్రశ్నకు ఇంతకంటె గట్టి సమాధానము వేఱొకటి వెదకనక్కఱలేదు.

ఇది పల్లెల గొడవ, పట్టణమున మనకేమని తలపరాదు. హైదరాబాదు తూర్పుననున్న ఏఎస్ రావు నగరు, 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సంస్థ నిర్మాత అయ్యగారి సాంబశివరావుగారి పేర వెలసినది. చుట్టునున్న కాప్రా, నాచారము, మల్లాపురము, ఉప్పల్ ఒకప్పుడు గ్రామములు. నేడు పచ్చిక బయళ్లు పోయి వీథులైనవి గాని ఆవులు పూర్తిగా పోలేదు. గడ్డి దొరకని ఆవు చెత్తకుప్పలో వెదకుకొనును. ఇల్లాలు మిగిలిన అన్నమును ప్లాస్టిక్ సంచిలో పోసి, మూతి ముడివేసి పాఱవేయును. ఆవునకు పైదవడ ముందు పండ్లు లేవు. నాలుకతో చుట్టి లాగి, సరిగా నమలకయే మ్రింగును. ముడి విప్పి ఏఱుకొని తినలేదు. సంచి రూమెన్‌లో చేరును. ఏ సూక్ష్మజీవియు దానిని కరగింపలేదు. సంచి మీద సంచి పేరుకొని, కడుపు నిండినట్లుండియు ఆవు ఆకలితో కృశించును. కడుపు కోసి తీయుట తప్ప వేఱు దారి లేదు.

మేకులు, ఇనుపతీగ ముక్కలు మ్రింగిన గోవు కథ ఇంకను దారుణము. అవి తేనెపట్టు రూపమున నుండు రెండవ అఱయైన రెటిక్యులమ్‌లో నిలుచును. ఆ అఱకును గుండెకును నడుమ నున్నది పలుచని విభాజక పటలము మాత్రమే. అఱ ముడుచుకొన్నప్పుడెల్ల తీగ ముందుకు జరిగి, పటలమును దాటి, గుండె పొరను గ్రుచ్చును.

గోపూజ చేసి బుట్టెడు అన్నమును, మిఠాయిలను గోవునకు పెట్టువారు పుణ్యమార్జించితిమని తలతురు. అలవాటు లేని ఆవు ఒక్కసారిగా అన్నము తిన్నచో రూమెన్‌లో ఒక తెగ సూక్ష్మజీవులు విజృంభించి లాక్టిక్ ఆమ్లమును పుట్టించును. గడ్డిని కరగించు తెగ నశించును. ఆవు ఒకటి రెండు రోజులలో మరణింపవచ్చును. భక్తి మంచిదే. దానికి పిడికెడు జ్ఞానము తోడైన గోవు బ్రదుకును. పచ్చగడ్డి కట్టకు మించిన నైవేద్యము గోవునకు లేదు.

కణశాస్త్రము ఒక్కొక్క పశువును కాపాడుటతో ఆగలేదు. ముసర వ్యాధి యను పేరు పెద్దలెఱుగుదురు. అది నోటి పూతను, పేగుల పూతను, అనగా ఉపకళను పుండ్లు చేసి, పారుడు పట్టించి మందలకు మందలను మట్టుపెట్టినది. ప్రపంచమున తొలి పశువైద్య పాఠశాల 1761లో ఫ్రాన్సుదేశపు లియాన్ నగరమున స్థాపింపబడుటకు ఈ తెగులును ఒక కారణమే. దీనికి టీకాలు పెక్కు వచ్చినవి. మన దేశమున ముక్తేశ్వరము ప్రయోగశాలలో మేకలద్వారా బలహీనపఱచిన విషక్రిమితో ఎడ్వర్డ్స్ టీకా సిద్ధపఱచెను. పిమ్మట వాల్టర్ ప్లోరైట్ అను పశువైద్యుడు కెన్యా దేశమున దూడ మూత్రపిండపు కణములను గాజు పాత్రలలో పెంచి, వానిలో ఆ విషక్రిమిని మరల మరల సాగుచేసి, హాని చేయని టీకాను సాధించెను. కణజాలమును దేహము వెలుపల పెంచు నేర్పు లేనిదే ఆ టీకా లేదు. భారతదేశమున ఆ తెగులు 1995లో కడపటిసారి కనబడినది. 2011లో లోకమంతటను నశించినదని ప్రకటింపబడినది. మశూచి తరువాత మానవుడు భూమిమీదనుండి తుడిచివేసిన రెండవ రోగమిది. గాలికుంటు వ్యాధికి గచ్చిబౌలిలో తయారగు టీకా కూడ పెంచిన కణములలో పుట్టినదే.

ఈ విద్యకు నెలవు మనకు దూరమున లేదు. ఏఎస్ రావు నగరునకు కొలది మైళ్ల దూరమున, హబ్సిగూడలో, కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రము కలదు. 1977లో పుష్పమిత్ర భార్గవగారి నాయకత్వమున ఆరంభమై, 1987లో దాని భవనములు జాతికంకితమైనవి. దాని శాఖ అత్తాపురమున అంతరించుచున్న వన్యమృగముల సంరక్షణకై పని చేయుచున్నది. ఆ గోడల వెంట నిత్యము బస్సులో పోవు మన పిల్లలు లోపల ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనన్న, మొదటి మెట్టు గ్రంథాలయపు బీరువాలోని వృక్షశాస్త్ర, జంతుశాస్త్ర పుస్తకములే.

గ్రంథాలయమున భారతము ప్రక్కనే జీవశాస్త్రము నుంచిన తప్పు లేదు. సహదేవుని కథ విని ఆనందించిన గ్రామమునకు సహదేవుని పని చేయగల బిడ్డ యొకడైనను, ఒకతెయైనను కావలెను. అంతవఱకు ప్రతి గృహస్థుడును చేయదగిన పనులు మూడు కలవు: అన్నపు సంచిని ముడివేసి వీథిలో వేయకుండుట, గిడసబారిన జొన్నచేనిలోనికి పశువును తోలకుండుట, పశువు పడినప్పుడు మంత్రగాని ఇంటికి పోవుటకు ముందు పశువైద్యుని పిలుచుట. వీనికి ధనము వ్యయము కాదు. వీని వలన నిలుచునది పేదయింటి పాడి.

స్వస్తి.