పాత సినిమాల్లో అమ్మలు, అత్తలు
(సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించి, మెడికల్ బిల్లుల గురించి ముందు మాట్లాడిన పెద్దలు వివరంగా చెప్పారు. నన్ను పాత సినిమాల మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. హీరోల జోలికి పోను. మన కోదాడ దగ్గరి గుడిబండ బిడ్డ కాంతారావు గారి గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? అటువంటి కథానాయకుల పక్కన తల్లులుగా, అత్తలుగా నిలిచిన నటీమణులను తలచుకుందాం.

1951 నాటి 'పాతాళభైరవి'లో తోటరాముడెవరంటే చిన్నపిల్లవాడూ చెబుతాడు. రాముడి తల్లి ఎవరంటే మనమే తడుముకుంటాం. ఆమె సురభి కమలాబాయి. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆవిడే. 'లవకుశ' (1963)లో కాంతారావు గారు లక్ష్మణుడైతే, కౌసల్య కన్నాంబ గారు. 1935 'హరిశ్చంద్ర'లో చంద్రమతిగా సినిమాను మోసిన మనిషి ఆమె.

'మాయాబజార్' (1957) చూడండి. అడవిలో అభిమన్యుడు పడిపోతే విల్లందుకుని ఘటోత్కచుడికి ఎదురు నిలిచిన సుభద్ర ఋష్యేంద్రమణి. మాట పెద్దగా పెంచకుండానే ఒక వీరమాతను చూపారు. సిరిసంపదలు చూసి మనసు మార్చుకునే రేవతి ఛాయాదేవి. ఇక హిడింబి సూర్యకాంతం. గయ్యాళి పాత్రలకే పేరుపడిన ఆమె అందులో ఎంత చల్లని తల్లో గమనించారా? 'గుండమ్మ కథ' (1962)లో రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, రంగారావు వంటి మహామహులున్నా సినిమాకు పేరు ఆమె పాత్రదే. అంత నోరున్న గుండమ్మ చివరికి ఛాయాదేవి వేసిన దుర్గమ్మ చేతిలో అవస్థ పడుతుంటే మనకే జాలి వేస్తుంది. తిట్టుకున్న మనిషి మీద జాలి పుట్టించడం సామాన్యమైన విద్య కాదు.

అమెరికాలో ఆస్కార్ వారు 1936 నాటి చిత్రాల నుంచే సహాయనటికి బహుమతి ఇస్తున్నారు. అక్కడా థెల్మా రిట్టర్ అనే ఆవిడ 6 సార్లు పోటీలో నిలిచి ఒక్కసారీ అందుకోలేదు. మన జాతీయ అవార్డుల్లో ఆ విభాగం 1984 చిత్రాలతో గాని మొదలు కాలేదు. అప్పటికి కమలాబాయి, కన్నాంబ కాలం చేశారు.

మిత్రులారా, ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన సంఘంలో ఫ్యామిలీ పెన్షన్ తీసుకునే సోదరీమణులున్నారు. ఏళ్ల తరబడి బదిలీల్లో సామాను సర్దింది, చాలీచాలని జీతంతో ఇల్లు గడిపింది, పిల్లలను చదివించింది వాళ్లు. మన రిజిస్టర్లో మాత్రం వాళ్లు 'ఫలానా వారి భార్య'. ఈసారి సభ్యుల జాబితా అచ్చువేసేటప్పుడు ముందు ఆవిడ పేరు, ఆ తర్వాతే భర్త పేరు, హోదా వేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. ఇందుకు ప్రత్యేక నిధులు అక్కర్లేదు, జి.ఓ. అంతకన్నా అక్కర్లేదు.

అలాగే మనవలతో టి.వి.లో పాత సినిమా చూసేటప్పుడు ఆ అమ్మ ఎవరో, ఆ అత్త ఎవరో పేరు పెట్టి చెప్పండి. మనం చెప్పకపోతే వాళ్లకు చెప్పేవారుండరు.