వెండిపొర, బావినీరు

స్నాతకులారా!

హితబోధ సేయుట ఈ వేదికకు చిరకాలముగ వచ్చుచున్న ఆచారమే యైనను, మీలో పెక్కుమంది రసాయనశాస్త్రమును, జలశుద్ధిని అభ్యసించిన వారగుటచేత, నేడు నేనొక పలుచని పొరను గూర్చియే మాటలాడ దలచితిని.

2003వ సంవత్సరమున ఢిల్లీయందలి సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అను సంస్థ, సీసాలలో విక్రయింపబడు మంచినీటియందు పురుగుమందుల అవశేషములు గలవని ప్రకటించినపుడు దేశమెల్ల కలవరపడినది. పిదప ఆ నీటిలో ఏ యొక్క పురుగుమందైనను లీటరునకు 0.1 మైక్రోగ్రామును మించరాదను నియమ మేర్పడినది. ఇంతటి స్వల్పమును వడగట్టుట యెట్లు? బ్యాక్టీరియా దేహము ఇంచుమించు ఒక మైక్రాను పొడవుండును గనుక, అంతకంటె సన్నని రంధ్రములు గల పొర దానిని నిలువరింపగలదు. పురుగుమందు అణువో, ఒక నానోమీటరు ప్రమాణముది. నీటితోబాటే అది నిరాటంకముగ సాగిపోవును. రంధ్రములను మఱింత కుదించినచో (1950ల చివర కాలిఫోర్నియాలో లోబ్, భారతదేశమున జన్మించిన సౌరిరాజన్ గారలు సాధించిన పొర యట్టిది) నీటిని మిక్కుటమగు పీడనముతో నెట్టవలసి వచ్చును, కొంత నీరు వ్యర్థమై పోవును.

పొరకు లోహమును తోడు చేయుట ఇందులకొక యుపాయము. మద్రాసు ఐ.ఐ.టి.యందు ఆచార్య ప్రదీప్ గారును వారి సహచరులును వెండి, బంగారముల నానోకణములు ఎండోసల్ఫాన్, మలాథియాన్, క్లోరోపైరిఫాస్ వంటి పురుగుమందులను నీటినుండి తొలగింపగలవని చూపిరి. 2007 నాటికి ఆ విద్య ఇండ్లలోని వడపోత యంత్రములకు చేరినది.

నన్ను ముగ్ధుని గావించునది దీని యందలి యేకసూత్రత. వెండికి గంధకముపై నపారమగు మక్కువ. క్లోరోపైరిఫాస్ అణువులో భాస్వరము నంటి గంధకముండును. బ్యాక్టీరియా ఎంజైములలోను గంధకము గల సమూహములుండును. వెండి కణము మొదటిదాని గంధకమును పట్టి అణువును ఛేదించును. వెండి అయాను రెండవదాని గంధకమును పట్టి జీవక్రియను స్తంభింపజేయును. ఉగ్గుగిన్నెను వెండితో చేయించిన మన పెద్దలు ఇదంతయు నెఱిగియే చేయించిరని వాదించువారు గలరు. నేను వారిలోనివాడను గాను.

అయితే ఆ మక్కువయే దానికి లోపమునైనది. గంధకమును గ్రహించిన వెండి సల్ఫైడుగ మారి ఆ మేరకు వ్యయమైపోవును. అంతేగాక, ఉప్పదనము గల బోరునీటిలో క్లోరైడు వెండి అయానులను పట్టివేయును. చెఱువునీటిలో కుళ్లిన ఆకుల సారము లోహకణములను కప్పివేయును. నల్లగొండ సీమలో మనుజుల యెముకలను వంచిన ఫ్లోరైడు ఈ వెండిని లెక్కచేయనే చేయదు. దానికి వేఱు చికిత్స కావలెను.

కావున రేపు మీరొక పొరను నిర్మించినచో, స్వేదనజలముతో తృప్తినొందక, అది యే యూరికి ఉద్దేశింపబడినదో ఆ యూరి నీటినే తెచ్చి పోసి, నడివేసవిలో నొకసారి, వానలు పడిన పిమ్మట నొకసారి పరీక్షింపుడు. వడగట్టిన నీటిలోనికి వెండి యెంత విడివడుచున్నదో కూడ కొలువుడు, లీటరునకు 0.1 మిల్లీగ్రాము వఱకు సహింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అభిప్రాయము. అరిగిన పొర పెంటకుప్పల పాలుగాకుండ, దానిని మరల సేకరించి అందలి వెండిని రాబట్టుటకగు ఖర్చును వస్తువు వెలలోనే చేర్చుడు. వెల పెరిగినదని వర్తకులు గొణుగుదురు, గొణుగనిండు.