హాస్టల్ రూమ్‌లో హీటర్ రాడ్: ప్లగ్ ఎందుకు కరిగింది?

నేను దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్‌లో ఉన్నప్పుడు రూమ్‌లో నలుగురికీ ఒకటే ఎక్స్‌టెన్షన్ బాక్స్. చలికాలం పొద్దున్నే దాంట్లోనే హీటర్ రాడ్ పెట్టేవాళ్లం. ఒకరోజు ప్లగ్ కరిగి, కాలిన వాసన వచ్చింది. ఎందుకు? లెక్క చూద్దాం.

రాడ్ మీద 1500 వాట్స్ అని ఉంది. మనకొచ్చే వోల్టేజ్ 230. పవర్ అంటే వోల్టేజ్ ఇంటూ కరెంట్. కాబట్టి 1500ని 230తో భాగిస్తే కరెంట్ సుమారు 6.5 ఆంప్స్. రెసిస్టెన్స్ కావాలంటే వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగించాలి: 230 బై 6.5, సుమారు 35 ఓమ్స్. మా బాక్స్ మీదేమో 6 ఆంప్స్ అని రాసుంది. అంటే 1380 వాట్స్ వరకే!

అసలు డేంజర్ లూజ్ ప్లగ్. అక్కడ అర ఓమ్ రెసిస్టెన్స్ ఉందనుకోండి. కరెంట్ ఇంటూ కరెంట్ ఇంటూ రెసిస్టెన్స్: 6.5 × 6.5 × 0.5, అంటే 21 వాట్స్. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్సే ఉంటుంది. అంటే దాదాపు అంత వేడి ప్లగ్ లోపలే!

తర్వాత ఎల్బీనగర్‌లో రూమ్ చూసినప్పుడు, అద్దె కంటే ముందు 16 ఆంప్స్ సాకెట్ ఉందా అనడిగాను. మీరూ అడగండి. నీళ్లు ముట్టుకునే ముందు స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. మీ ఇండక్షన్ స్టవ్ ఎన్ని వాట్స్? కరెంట్ ఎంతో లెక్కేసి కామెంట్‌లో చెప్పండి.