పుట్టుక, ఎంపిక

(నంద్యాలలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఎంచుకున్న విషయం విని కార్యదర్శిగారు కాస్త తటపటాయించారు. "డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో అయితే జనం వింటారు గానీ, ఈ డార్విన్ మనకెందుకండీ?" అన్నారు. నేను మనవి చేసిందేమంటే, పుట్టుక, ఎంపిక అనేవి రెండూ మన ఆఫీసు మాటలే. ముప్పై అయిదేళ్లు మనం రాసిందేమిటి? జనన ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, నేటివిటీ. ఇదంతా పుట్టుక. సెలెక్షన్ లిస్టు, సీనియారిటీ లిస్టు, ప్రమోషన్ ప్యానెలు. ఇదంతా ఎంపిక. ఈ రెండు మాటలను జీవశాస్త్రం ఏ అర్థంలో వాడింది, మన సమాజం ఏ అర్థంలోకి లాక్కుపోయింది అన్నది చెప్పాలని నా కోరిక. నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, గుమాస్తాను. ఫైలు చదివి నోటు పెట్టడం మాత్రం తెలుసు.

మన ఊరితోనే మొదలు పెడతాను. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా కేంద్రం 1906లో వెలిసింది. అక్కడ జరిగే పని స్థూలంగా ఇది. రైతు చేలో అన్ని చెట్లూ ఒకేలా ఉండవు. ఒకటి ముందు కాపుకొస్తుంది, ఒకటి తెగులుకు తట్టుకుంటుంది. మంచివనుకున్న చెట్ల గింజలను విడివిడిగా సాళ్లు వేసి, మళ్లీ వాటిలోనుంచి ఏరి, తక్కినవి తీసేస్తారు. ఇలా ఏళ్ల తరబడి చేస్తే ఒక రకం తయారవుతుంది. పత్తిలో 'నరసింహ' అలా వచ్చిందే. ఆ పేరు వింటే ఆళ్లగడ్డ వాళ్లకు అహోబిలం గుర్తొస్తుంది. కొర్రలో 'సూర్యనంది' వచ్చింది, 'రేనాడు' వచ్చింది.

శనగ సంగతి ఇంకా చిత్రం. జె.జి. 11 రకం మన నల్లరేగళ్లలో రాజ్యమేలింది. తర్వాత కూలీలు దొరక్క కోత మిషన్లు వచ్చాయి. చెట్టు పొట్టి, కాయ నేలకు దగ్గర, మిషనుకు అందదు. అప్పుడు నిటారుగా, ఎత్తుగా పెరిగే 'ధీర'ను నంద్యాల కేంద్రం ఇచ్చింది. గమనించండి, చేను మారలేదు, కోసేవాడు మారాడు. దాంతో నిన్నటిదాకా మంచి చెట్టు అనిపించుకున్నది ఇవాళ పనికిరానిదైంది. దాని పుట్టుకలో వచ్చిన లోపమేమీ లేదు.

డార్విన్ 1859లో అచ్చు వేసిన గ్రంథం మొదలయ్యేది కూడా ఇక్కడే. మొదటి అధ్యాయంలో సింహాలు, ఏనుగులు కాదు, రైతులు పెంచే పశువులు, పంటలు, తాను స్వయంగా పెంచిన పావురాలు. మనిషి ఏరితే ఇంత మార్పు వస్తోంది కదా, ఏరేవాడు లేకపోతే ఏరివేత జరగదా అని ఆయన ప్రశ్న. జరుగుతుందని జవాబు. పుట్టేవి బతకగలిగినదానికంటే ఎక్కువ. వాటిలో చిన్న చిన్న తేడాలుంటాయి. ఆ తేడాలు పిల్లలకు సంక్రమిస్తాయి. ఆ తావుకు సరిపడే తేడా ఉన్నవాటికి పిల్లలు ఎక్కువ మిగులుతాయి. అంతే. దీన్నే పాఠ్యపుస్తకాల్లో ప్రకృతి వరణం అన్నారు. నోటిఫికేషన్ లేదు, ఇంటర్వ్యూ బోర్డు లేదు, మార్కులు అంతకన్నా లేవు. ఎంపికైనది గొప్పదని కాదు, ఆ చేనుకు ఆ ఏడు సరిపడిందని. వానలు బాగా పడి కాలువ నిండుగా పారితే వరి గొప్పది, రెండు వానలతో సరిపెట్టుకోవాల్సిన ఏడు కొర్ర గొప్పది. రెండింట్లో ఏది ఉత్తమం అని ఎవరైనా అడిగితే, చేను ఏదయ్యా అని తిరిగి అడగాలి.

ఈ ఎంపిక లక్షల ఏళ్ల కిందటి ముచ్చట అనుకుంటారు గానీ మన కళ్ల ముందే జరిగింది. 1980ల మొదట్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. కొడితే శనగపచ్చ పురుగు గలగలా రాలింది. రైతు సంబరపడ్డాడు. కొన్ని పురుగులు మాత్రం తట్టుకున్నాయి. మందు కొట్టిన ప్రతిసారీ తట్టుకోలేనివి పోయి, తట్టుకున్నవే పిల్లల్ని పెట్టాయి. 1987 నాటికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎంత కొట్టినా పురుగు చావలేదు. పత్తి రైతులు ఉరి పోసుకున్నది, అదే మందు తాగింది ఆ రోజుల్లోనే. కల్తీ మందు అని అందరం తిట్టుకున్నాం. కల్తీ ఉండొచ్చు, కాని అసలు సంగతి ఏమంటే మంచి మందే తన శత్రువును ఏరి ఏరి పెంచింది.

తర్వాత 2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. ఆ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్ ఇచ్చేవారు, చేను చుట్టూ వేయమని. ఎందుకంటే, మామూలు పత్తి మీద బతికిన మెత్తని పురుగులు గట్టి పురుగులతో జత కడితే, ఆ గట్టిదనం అంత త్వరగా పాకదు. ఆ కిటుకు రైతుకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లు తక్కువ. పురుగు తినే పత్తి నేనెందుకు వేయాలని చాలామంది ఆ పొట్లాన్ని గట్టు మీదే పారేశారు. గులాబీ రంగు పురుగు బి.టి.ని తట్టుకోవడం 2010 నాటికే గుజరాత్‌లో బయటపడింది. ఆ తర్వాత రెండో రకం బి.టి.ని కూడా తట్టుకుంది. పత్తి విత్తనాల వ్యాపారానికి పేరుపడ్డ నంద్యాలలో కూర్చున్నాం కనుక ఇంత వివరంగా చెప్పాను. మన వయసువాళ్లకు మరో మాట. జ్వరం తగ్గింది కదా అని యాంటీబయాటిక్ మాత్రలు మనంతట మనమే సగంలో ఆపేయడం, మిగిలినవి దాచి మనవడి దగ్గుకు వేయడం మన ఇళ్లలో ఉన్న అలవాటే. పురుగు విషయంలో జరిగిందే క్రిమి విషయంలోనూ జరుగుతుంది. డాక్టరు ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులు వాడండి.

ఇక పుట్టుక. డార్విన్ తరఫున వాదించడంలో పేరుపొందిన హక్స్‌లీ అనే శాస్త్రజ్ఞుడు మన బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను తవ్వించమని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సలహా ఇచ్చాడు. ఆ పని 1884, 85లలో రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ చేశారు. ఆది మానవుడి ఎముకలు దొరకలేదు గాని, ఇప్పుడు ఈ ప్రాంతంలో లేని ఖడ్గమృగం వంటి జంతువుల ఎముకలు దొరికాయి. ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టారు. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో అయితే, సుమారు 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో వచ్చిపడ్డ బూడిద పొరలు పొరలుగా ఉంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి అంట్లు తోమే పొడికి అమ్ముకున్నారు. ఆ బూడిదకు కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని కోరిశెట్టర్, పెట్రాగ్లియా ప్రభృతులు 2007లో ప్రకటించారు. అవి చేసినవారు మనలాంటి మనుషులేనా అన్న చర్చ ఉంది. ఎవరైనా కానివ్వండి, వాళ్లకు గోత్రాలు, ఇంటిపేర్లు ఉన్న దాఖలా మాత్రం లేదు.

సమాజం దగ్గరికి వచ్చేసరికి ఈ రెండు మాటలూ తలకిందులయ్యాయి. 'యోగ్యుడే బతికి బట్టకడతాడు' అన్న భావానికి ఆ మాట ఇచ్చినవాడు డార్విన్ కాదు, హెర్బర్ట్ స్పెన్సర్, 1864లో. డార్విన్ తర్వాత తన పుస్తకంలో చేర్చుకున్నాడు. (ఏటా ట్రెజరీకి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కనుక మనమూ బతికి బట్టకట్టిన వాళ్లమే. దానివల్ల మనం ఎవరికన్నా యోగ్యులమని రుజువు కాదు!) ఉన్నవాడు ఉన్నాడంటే ప్రకృతి ఎంపిక, లేనివాడు లేడంటే పుట్టుక లోపం అని చెప్పుకోవడానికి ఆ మాట బాగా పనికొచ్చింది.

పుట్టుకను బట్టే దొంగ అనే చట్టం మన దేశంలో 1871లోనే వచ్చింది. 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ పాకింది. కులం పేరు గెజిట్‌లో పడితే చాలు, నేరం చేయకపోయినా పేరు రిజిస్టరులోకి ఎక్కేది. వేలిముద్రలు, రాత్రిళ్లు హాజరు, ఊరు దాటాలంటే పాసు. స్టూవర్టుపురం పేరు అందరికీ తెలుసు. మన ఆత్మకూరు దగ్గరి సిద్ధాపురంలో కూడా అటువంటి సెటిల్‌మెంటు ఉండేదని ఈ తరానికి తెలియదు. ఎరుకలవారు అంతకు ముందు గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి ఊరూరా అమ్ముకున్న వర్తకులు. రైళ్లు వచ్చి ఆ బేరం పోయింది. శనగ చెట్టు కథే ఇదీ. మారింది కోసేవాడు, తప్పు మోపింది చెట్టు మీద. ఆ చట్టాన్ని మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో రద్దు చేశారు.

నేను పనిచేసిన ఒక ఆఫీసుకు 1970లలో ఇంటి స్థలం కోసం ఒక ఎరుకల ముసలాయన వచ్చేవాడు. ఎంత పొద్దున వచ్చినా వరండాలోనే కూర్చునేవాడు, పొద్దు గూట్లో పడుతుండగా చటుక్కున లేచిపోయేవాడు. "పెద్దాయనా, పిలుస్తారు, కాసేపు ఉండరాదా?" అన్నాను. "హాజరీ ఏళ సామీ, కాళ్లకు అలవాటైపోయింది" అన్నాడు. రద్దయి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది! పైన ఒకాయన ఆ ఫైలు మీద 'పూర్వచరిత్ర పరిశీలించవలెను' అని రాసి మూల పడేశాడు. నేను రికార్డు తెప్పించి చూస్తే ముసలాయన మీద ఒక్క కేసు లేదు. ఉన్నదల్లా పాత రిజిస్టరులో తండ్రి పేరు. అదే నోటులో రాశాను. పట్టా మూడో ఏట వచ్చింది. అప్పటికి ఆయన లేడు, కోడలు వేలిముద్ర వేసి తీసుకుంది.

పుట్టుక గురించి మనం చెప్పుకునే గొప్పలకు హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, తంగరాజ్ గార్లు అమెరికా శాస్త్రజ్ఞులతో కలిసి సమాధానం చెప్పారు. 2009లో, 2013లో వచ్చిన వారి పరిశోధనల ప్రకారం, సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలో అన్ని రకాల జనమూ కలిసిపోయారు. కలవడం ఆగి, ఎవరి కులంలో వారు పెళ్లి చేసుకోవడం గట్టిపడింది ఆ తర్వాతే. ఈ కట్టడి అనాది కాదన్నమాట. దానికి ఖరీదు కూడా ఉంది. వైశ్యుల్లో కొందరికి ఆపరేషనులో స్కోలిన్ అనే మత్తుకు సంబంధించిన ఇంజెక్షన్ ఇస్తే కండరాలు త్వరగా కోలుకోవు, ఊపిరికి ఇబ్బంది. అది ఆ కులం తప్పూ కాదు, తక్కువా కాదు. ఎప్పుడో ఒక పూర్వికుడిలో ఉన్న తేడా బయటికి పోయే దారిలేక లోపలే తిరుగుతోంది. అటువంటి తేడాలు ఏ కులానివి ఆ కులానికి ఉన్నాయి.

మేనరికం ఇంకా దగ్గరి సంగతి. 1957లో మన దేశానికి వచ్చి ఇక్కడి పౌరుడైన హాల్డేన్ దొర శిష్యుడు, పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావుగారు 1960లలోనే ఆంధ్రదేశపు మేనరికాల మీద పరిశోధన చేశారు. బావామరదళ్లకు జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామకు అక్క కూతురికి నాలుగో వంతు ఉమ్మడి. అందరి పిల్లలకూ జబ్బు రాదు, కాని వచ్చే అవకాశం పెరుగుతుంది. మా ఇంట్లో మూడు తరాల్లో నాలుగు మేనరికాలున్నాయి, కనుక ఎవరినీ ఎత్తిపొడవడం లేదు. ఆస్తి చెదరదు, పిల్ల కళ్ల ముందుంటుంది అని మన పెద్దలు ఆలోచించారు, అది ఆ చేనుకు సరిపడింది. ఇప్పుడు ఇళ్లలో సంబంధాలు మాట్లాడేది మనమే. పిల్లలు వద్దంటే బలవంతం పెట్టవద్దు. ఇష్టపడి చేసుకుంటామంటే, లగ్నానికి ముందే జన్యు పరీక్షల గురించి తెలిసిన డాక్టరుకు ఒకసారి చూపించండి. ఆపరేషను బల్ల ఎక్కేవారు, తమ ఇంట్లో ఎవరికైనా మత్తు ఇంజెక్షన్‌తో ఇబ్బంది వచ్చి ఉంటే, ఆ మాట డాక్టరు చెవిన ముందుగా వేయండి.

 ఆళ్లగడ్డ మిత్రులకు బస్సు వేళ అవుతోంది, ప్రశ్నలు ముందు వారివి తీసుకుందాం.