వీడియో గేముల వరుసలు – మనుష్యులు లేని వాద్యగోష్ఠి

త్యాగరాజస్వామివారి కృతిని ఒక విద్వాంసుడు రెండు మూడు సంగతులతో ముగించును. మరియొకడు అదే పల్లవిని పది సంగతులుగా పెంచును. కృతి ఒక్కటియే. దాని ముఖము చెడరాదు. పాడినవాని మనోధర్మమును కనబడవలయును. ఈ రహస్యము తెలిసిన తెలుగు శ్రోతలకు నేటి ప్రసంగవిషయము పేరు కొత్తదైనను, అందలి చిక్కు కొత్తది కాదు. వీడియో గేములలో వినబడు వరుసలను గైకొని, కంప్యూటరులోని వాద్యములతో వానికి క్రొత్త కూర్పు కల్పించుట నేడొక విద్యగా పెరిగినది. దీనినే అరేంజిమెంటు అందురు. మూలపు ధ్వనినే ముక్కలుగా తీసి, లయ మార్చి, మరల అతికినయెడల రీమిక్స్ అందురు. వాడుకలో ఈ రెండు పేర్లును కలిసిపోయినవి. పిల్లల ఆటలోని చప్పుళ్లకు ఇంత గౌరవమేల యని అడుగువారు ఉందురు. ఆ చప్పుళ్లు పుట్టిన తీరు తెలిసినచో బహుశః అడుగరు.

1978లో జపానున వెలువడిన స్పేస్ ఇన్వేడర్స్ అను ఆటలో ఉన్నవి దిగువకు నడచు నాలుగు స్వరములు మాత్రమే. శత్రువులు తగ్గి, మిగిలినవారు వేగముగా కదలుకొలది ఆ స్వరముల నడకయు హెచ్చును. ఆటగాని గుండెయు దానితోపాటు కొట్టుకొనును. 1983లో నింటెండో సంస్థ విడుదల చేసిన ఫామికామ్ యంత్రమునకు ఐదు ధ్వనిమార్గములు కలవు. రెండింటిలో చతురస్రతరంగపు నాదము, ఒకదానిలో త్రికోణతరంగపు నాదము, ఒకదానిలో గాలివంటి రొద, ఐదవదానిలో చిన్న చిన్న రికార్డు తునకలు. త్రికోణపు మార్గమునకు ధ్వనిని హెచ్చించుటకు గాని తగ్గించుటకు గాని వీలు లేదు. పలుకుట, లేదా ఊరకుండుట. ఆటలో ఒక దెబ్బ చప్పుడు అవసరమైనచో సంగీతములోని ఒక మార్గము క్షణకాలము నోరు మూసికొని దానికి చోటీయవలయును. కోజీ కొండో 1985లో సూపర్ మారియో బ్రదర్స్‌కు వరుసలు కట్టినది ఇంతటి లేమిలోనే. హంగుల వెనుక దాగుటకు వీలు లేనిచోట వరుసకు స్వయముగా బలముండవలయును. నలుబది యేండ్లు గడచినను ఆ వరుసలు ఈలవేయుటకు వీలుగా నుండుటకు ఇది ముఖ్యకారణము.

ఆటల వరుసలన్నియు యంత్రములకొరకే పుట్టినవని తలంపరాదు. 1989లో గేమ్ బాయ్ అను చేతిలో ఇముడు యంత్రముతో వచ్చిన టెట్రిస్ ఆటలోని ప్రసిద్ధమైన వరుస, కొరొబెయ్‌నికి అను రష్యా దేశపు జానపదగీతము. ఆ పాటకు ఆధారమైన కవిత నెక్రాసోవ్ 1861లో రచించినది. ఊరూర సరుకులమ్ము సంచారవర్తకుల పాటను హిరోకాజు తనకా నాలుగు మార్గముల చిన్న యంత్రమునకు అమర్చెను. అనగా నేడు ఆ వరుసకు వయొలిన్లు చేర్చువారు కూర్పునకు మరల కూర్పు చేయుచున్నారన్నమాట.

1990లో సూపర్ ఫామికామ్ వచ్చెను. సోనీ సంస్థకు చెందిన కెన్ కుటరాగి రూపొందించిన దాని ధ్వనివిభాగమున ఎనిమిది మార్గములు, 64 కిలోబైట్ల జ్ఞాపకము ఉన్నవి. నిజమైన వాద్యముల రికార్డు తునకలను అందులో నింపవచ్చును గాని, పూర్తి నాణ్యముతో నింపినచో సుమారు మూడున్నర సెకండ్లకే పాత్ర నిండిపోవును. వాద్యములు, స్వరములు, వానిని నడపు ప్రోగ్రాము, ప్రతిధ్వని – అన్నియు ఆ పాత్రలోనే సర్దుకొనవలయును. నోబువో ఉయేమత్సు 1994లో ఫైనల్ ఫాంటసీ ఆరవ భాగమునకు ఈ ఇరుకులోనే ఒక ఆపెరా రంగమును కూర్చెను. సెలెస్ అను సేనాని ఒక గాయనికి బదులుగా రంగస్థలమెక్కి పాడును. సాహిత్యము తెరపై అక్షరములుగా నడచును. తరువాతి పంక్తిని ఆటగాడే సరిగా ఎన్నుకొనవలయును. తప్పినచో నాటకము సాగదు. కంఠము మాత్రము మాటలు లేని యంత్రనాదము. అది మనిషి గొంతు కాదని వినువానికి తెలియును. అయినను ఆ రంగమున మనస్సు కరగినవారు లెక్కకు మిక్కిలి. అదే సంవత్సరము మిలాన్ నగరపు వాద్యకారులతో తీసిన ఆల్బములో ఆ వరుసను ఒక గాయని ఇటాలియన్ భాషలో పాడెను. ఇచట అరేంజరు చేసినది అలంకారము కాదు. వరుస మొదటినుండి దేనిని అడుగుచుండెనో దానిని ఇచ్చుట. మంచి కూర్పునకు ఇంతకంటె వేరు గుర్తు వెదకనక్కరలేదు.

గాయనిని, వాద్యకారులను పిలిపించు స్తోమత అందరికిని ఉండదు. అద్దెగదిలో ఒక చిన్న కీబోర్డుతో కూర్చున్న యువకునికి ఎనుబది మంది వాద్యకారులను సమకూర్చినవి వర్చువల్ వాద్యములు. వీనికి పునాది 1983లో వచ్చిన మిడి అను సంకేతపద్ధతి. జపానుకు చెందిన ఇకుటారో కకెహాషి, అమెరికాకు చెందిన డేవ్ స్మిత్ దీనికి ముఖ్యకారకులు. మిడిలో నాదము లేదు. స్వరలిపివలె ఆజ్ఞలు మాత్రమే ఉండును. ఏ మీట, ఎప్పుడు, ఎంత బలముగా నొక్కబడెనో అందు వ్రాయబడును. బలమునకు 127 వరకు అంకెలు కలవు. 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ అను పద్ధతిని తెచ్చెను. 1999 నాటికి దానియందు వాద్యములు కూడ చేరినవి. వయొలిన్ వాదకుని స్టూడియోలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క స్వరమును మెల్లగా, గట్టిగా, కమాను లాగి, తంత్రి మీటి వాయింపజేసి రికార్డు చేయుదురు. మిడి ఆజ్ఞ అందగానే కంప్యూటరు ఆ రికార్డులనుండి తగినదానిని తీసి వినిపించును. నాడు 64 కిలోబైట్లలో సర్దిన చోట నేడు ఒక్క తంత్రీవాద్యముల సముదాయమే పదుల గిగాబైట్లు ఆక్రమించుచున్నది.

సంపద వచ్చినది, సంగీతము దానంతట అది రాలేదు. ఒకే స్వరమును వెంటవెంటనే ఎనిమిదిమారులు పలికించినచో, ఒకే రికార్డు ఎనిమిదిమారులు మ్రోగి తుపాకి కాల్చినట్లుండును. అందుకని ఒక్కొక్క స్వరమును పలుమారులు రికార్డు చేసి, వంతులవారీగా వినిపింతురు. కంప్యూటరులోని వేణువునకు ఊపిరితిత్తులు లేవు. రెండు నిమిషములు ఆగకుండ ఊదుమన్నను ఊదును. వినువాని రొమ్ము మాత్రము బిగిసికొనును. కనుక తెలిసిన అరేంజరు పదముల నడుమ శ్వాసకు ఎడమిచ్చును. దీర్ఘస్వరమున నాదమును పెంచి తగ్గించు ఆజ్ఞలను వేరుగా వ్రాయును. ప్రతి స్వరమును గడియారమునకు కట్టివేయక, కొన్నిటిని వెంట్రుకవాసి ముందు, కొన్నిటిని వెనుక ఉంచును. వయొలిన్ పలుకలేని మంద్రస్వరమును వయొలిన్‌కు వ్రాయడు. వాద్యకారుని శరీరము ఉచితముగా ఇచ్చునదంతయు ఇచట చేతితో పోయవలసినదే. ఇది తెలియనివారు ఆ లోటును పెద్ద డప్పులతోను, బృందగానముతోను కప్పుదురు. మారియో వరుసపై రణభేరి మ్రోగించిన కూర్పులు కొల్లలుగా ఉన్నవి. విస్తరిలోని వంటకములన్నిటిని ఒకే ముద్దగా కలిపినట్లుండును.

తెలుగువారికి ఇందొక ప్రత్యేకమైన చిక్కు కలదు. ఈ వరుసలకు వీణ, వేణువు జోడింపగోరినచో గమకమువద్ద బండి ఆగును. స్వరమును వంచుటకు మిడిలో ఒక చక్రము కలదు. అందు 16,384 మెట్లు ఉన్నవి. మెట్లకు కొదువ లేదు. కాని సాధారణ మిడిలో ఆ చక్రము ఒక మార్గములోని స్వరములన్నిటిని కలిపి వంచును. పైతంత్రిపై గమకము వేసినచో క్రింది శ్రుతియు దానితో ఊగును! ఒక్కొక్క స్వరమునకు వేరు మార్గమిచ్చు ఎంపీఈ పద్ధతి 2018లో ప్రమాణముగా అంగీకరింపబడినది. దానితో ఈ ఇబ్బంది తీరును. అయినను నిలకడగా రికార్డు చేసిన స్వరమును పిదప వంచుటకును, వైణికుని వ్రేలు తంత్రిని లాగుచుండగా నాదము మారుటకును భేదము చెవికి తెలియుచునే యుండును. గమకముతోనే రికార్డు చేసిన పదములను వాడుట ఒక మార్గము; అప్పుడు వరుస ఆ పదములకు లోబడవలసివచ్చును.

ఆటల సంగీతమునకు చేసిన కూర్పులకు పెద్ద సభలలోను గుర్తింపు లభించినది. 1996 నాటి కిర్బీ సూపర్ స్టార్ అను ఆటలోని ఒక వరుసకు చార్లీ రోజెన్, జేక్ సిల్వర్‌మన్ చేసిన కూర్పునకు 2022లో గ్రామీ బహుమానము వచ్చెను. అంతకు ముందటి యేట టోక్యో ఒలింపిక్ ప్రారంభోత్సవమున దేశదేశముల క్రీడాకారులు డ్రాగన్ క్వెస్ట్ మొదలైన ఆటల సంగీతము మ్రోగుచుండగా నడచిరి.

హక్కుల సంగతియు విస్మరింపరాదు. పలువురు యువకులు దీనిని లెక్కసేయుట లేదు. భారతదేశపు 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము 2వ సెక్షను ప్రకారము సంగీతరచనకు చేయు అరేంజిమెంటు ఆ రచనకు అనుసరణగా పరిగణింపబడును. అనుసరణ చేయు హక్కు 14వ సెక్షను ప్రకారము రచనాహక్కు గలవానిది. వరుసను మార్చి కూర్చినంతమాత్రమున అది కూర్చినవాని సొత్తు కాదు. రష్యా వర్తకుల పాట ఎవరైనను వాయింపవచ్చును. దానికి తనకా చేసిన అమరికను యథాతథముగా తీసికొనవలెనన్నచో మాత్రము హక్కుదారుల అనుమతి కోరవలసియుండును.