కథల ఆటలో వెలుగు పటములు

ఆట యనగానే మన కన్నులయెదుట ముందుగా గీతలు నిలుచును. గుడి మండపముల రాతిపలకలపై పులిజూదపు గీతలను చూడనివారు అరుదు. వైకుంఠపాళి పటమును చాపమీద పరచి, నిచ్చెనలకు ఆశపడి, పెద్దపాముకు భయపడి పెరిగినవారము మనము. ఈ ఆటలన్నింటను పటమంతయు ఆడువారికి ఒక్కసారిగనే కనిపించును. పాము ఎచ్చటనున్నదో ముందే తెలియును. పాచిక ఎట్లు పడునో మాత్రమే తెలియదు.

ఈ సాయంత్రము మేము ముచ్చటింపదలచిన ఆటలో పటమే దాగియుండును. రోల్‌ప్లేయింగ్ గేమ్ అని దీనికి పేరు. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు కూర్చుండి తలకొక పాత్రను ధరింతురు. ఒకరు యోధుడు, ఒకరు మాంత్రికుడు, ఒకరు దొంగ. గేమ్ మాస్టర్ అను మరియొకరు మన నాటకములలోని సూత్రధారి వంటివారు. వారు కథాస్థలమును వర్ణించి, ‘‘ఇప్పుడు మీరేమి చేయుదురు?’’ అని అడుగుదురు. సాహసము ఫలించునో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. ఆడువారిలో ఒకరు గెలిచి ఒకరు ఓడుట సాధారణముగా నుండదు. అందరును ఒక జట్టే.

పటమును దాచుట అను ఈ ఊహ సైనికులది. 1824లో ప్రష్యా సైన్యమునకు చెందిన రైస్విట్జ్ అను యువాధికారి యుద్ధాభ్యాసమునకై ఒక క్రీడను ప్రకటించెను. 8000లో ఒకవంతు కొలతకు గీసిన నిజమైన భూమిపటముపై సేనల గుర్తులను నడిపింతురు. మధ్యవర్తికి సర్వమును తెలియును. ఇరుపక్షములవారికి మాత్రము రణభూమిలో తమకు కనబడగలిగినంతయే తెలియును. ఒకటిన్నర శతాబ్దము పిమ్మట, 1974లో, అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించినప్పుడు ఆ మధ్యవర్తియే కథకుడై కూర్చుండెను. ఆనాటి పద్ధతి మాబోటి రేడియోవారికి మిక్కిలి ప్రియమైనది. సూత్రధారి తన గళ్ళకాగితమును అడ్డుతెర వెనుక దాచుకొని, ‘‘నడవ ఉత్తరముగా ముప్పది అడుగులు సాగి తూర్పునకు తిరిగినది’’ అని చెప్పును. ఆడువారిలో నొకడు ఆ మాటను విని తన కాగితముపై గీత గీయును. అనగా వారి పటము చెవితో గీసిన పటము.

నేడు ఈ పటము కాగితమును వీడి తెరపైకెక్కినది. 2012లో రోల్20, 2020లో ఫౌండ్రీ మొదలగు కంప్యూటరు సాధనములు వెలువడినవి. దూరదేశములందున్న మిత్రులు కలిసి ఆడుకొనుట వాటివలన సులువైనది. పిమ్మట ఒకే గదిలో కూర్చుండి ఆడువారును వాటిని వాడుకొనసాగిరి. టెలివిజనును బల్లపై వెల్లకిల పరుండబెట్టి, గీతలు పడకుండ దానిపై పారదర్శకమైన అక్రిలిక్ పలక పరచి, ఆ వెలుగు పటముమీద బొమ్మలను నిలుపుదురు. పైకప్పునుండి ప్రొజెక్టరుతో పటమును పడవేయువారును కలరు గాని, చేయి చాపినప్పుడెల్ల చేతినీడ కోటను మ్రింగివేయును. మాకు టెలివిజనే మేలని తోచినది.

ఇందులో కొలత ముఖ్యము. ఈ ఆటలో వాడుకగా ఒక అంగుళపు గడి ఐదడుగుల నేలకు సమానము. 43 అంగుళముల టెలివిజను అనగా ఆ కొలత మూలనుండి మూలకు; వెడల్పు సుమారు 37న్నర అంగుళములు, ఎత్తు 21. కావున 185 అడుగుల పొడవు, 105 అడుగుల వెడల్పు గల కోట దానిపై ఇముడును. 4కె తెరలో అడ్డముగా 3840 చుక్కలుండును గనుక అంగుళమునకు సుమారు 102 చుక్కలు వచ్చును. ఆ లెక్కను సాధనమునకు తెలిపి, పిల్లల స్కేలు నొకదానిని తెరపై నుంచి సరిచూచుకొనవలెను. వెనుకనున్న గాలిరంధ్రములు మూసుకొనకుండ టెలివిజను క్రింద నాలుగు చెక్కముక్కలు పెట్టుట మరువరాదు.

పటముపై నల్లని ముసుగు కప్పియుండును. ఆడువారు గదిలో అడుగిడినకొలది సూత్రధారి ఆ ముసుగును తొలగించును. ఇందుకై లాప్‌టాప్‌లో ఒక పటము, బల్లపై వేరొక పటము కనబడునట్లు రెండు తెరలను విడదీయవలెను. మా ఇంట ఆదివారములందు ఆడు మా కుమారుడును అతని మిత్రులును మొదటిదినమున ఈ సంగతి మరచిరి. రెండు తెరలును ఒకటేయై, రాక్షసుని రహస్యమందిరము, నిధి, ఉచ్చులు అన్నియు అందరి యెదుటను ధగధగ మెరిసినవి. మూడువారములు శ్రమించి అల్లిన కథ మూడు క్షణములలో ముగిసినది.

అంతకంటె పెద్ద చిక్కు నవ్వులాటలో తేలిపోలేదు. ఆ మిత్రులలో ఒకనికి చూపు మిక్కిలి మందము. తెర రాకమునుపు అతడే జట్టుకు దారిచూపువాడు. విన్న మలుపులన్నియు మనసున నిలుపుకొని, ‘‘ఎడమకు కాదురా, బావి ఉన్నది కుడివైపున’’ అనెడివాడు. తెర వచ్చినతోడనే సూత్రధారి వర్ణించుట మానెను. కనబడుచున్నదానిని చెప్పుట దేనికి? అతడు ‘‘ఏమైందిరా?’’ అని అడుగును. ‘‘అదిగో, చూడు’’ అని మిగిలినవారందురు. రెండు ఆదివారములు మౌనముగా కూర్చుండెను. మూడవ ఆదివారము రాలేదు.

మా కుమారుడు చదువుసాకు చెప్పెను గాని, మేము నమ్మలేదు. నోరువిప్పి చెప్పుటయే వృత్తిగా గల మా ఇంటనే ఇట్లు జరిగెనే యని కొంత సిగ్గుపడితిమి కూడ. మరునాడు అతడే ఆ మిత్రుని ఇంటికి పోయి రెండు గంటలు కూర్చుండి వచ్చెను. అటుపిమ్మట పద్ధతి మారినది. మాట ముందు, వెలుగు తరువాత. గదిని పూర్తిగా వర్ణించి, ప్రశ్నలకు బదులు చెప్పినగాని ముసుగు తీయరాదు. చదరంగమువారివలె పటము అంచులవెంట ఒకవైపు అక్షరములు, వేరొకవైపు అంకెలు వేసిరి. బొమ్మను కదలించు ప్రతివాడును గడి పేరును పైకి చెప్పవలెను. ఆట కొంత నెమ్మదించినదని సణిగినవారు లేకపోలేదు.

గత ఆదివారము యుద్ధము ముదిరియుండగా కరెంటు పోయినది. తెర నల్లబడినది, చీకటిలో ఎవరి మోచేయియో తగిలి బొమ్మలన్నియు దొర్లిపోయినవి. ‘‘ఉండండి’’ అని ఆ కుఱ్ఱవాడు ఎవరెవరు ఏ గడిలో నిలిచియుండిరో వరుసగా చెప్పసాగెను. మావాడు సెల్‌ఫోను వెలుగులో వ్రాసికొనెను. కరెంటు వచ్చిన పిదప సూత్రధారి తన లెక్కతో పోల్చిచూచెను. తొమ్మిది బొమ్మలలో ఎనిమిది సరిపోయినవి. తొమ్మిదవది ఒక్క గడి ప్రక్కకు నున్నది. దానికై వారు రాత్రి భోజనముదాక వాదులాడుకొనిరి.